బూజును బూజుతోనే జయించడం

పిల్లలూ! ఒక ఇంటి ముచ్చటతో పాఠం మొదలుపెడదాం.

వనపర్తి దగ్గరి ఒక పల్లెలో అవ్వ వాకిట్లో కూర్చుని చాటలో జొన్నలు చెరుగుతోంది. కల్లం మీద ఉండగా వాన తడిపిన జొన్నలవి. తెల్లని గింజల మధ్య కొన్ని నల్లగా, కొన్ని లేత గులాబి రంగులో కనబడుతున్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే ముక్క వాసన. అవ్వ వాటిని ఏరి పక్కన కుప్ప పోస్తోంది. బడినుంచి వచ్చిన మనుమడు అడిగాడు:

"అవ్వా, ఈ ఖరాబు గింజలు పారబోస్తవా?"

"పారబోస్తే పాపం తగుల్తది బిడ్డా. కోళ్లకు కొన్ని, బర్రెకు కొన్ని ఏస్తం తియ్యి."

అవ్వ మాటలో ధాన్యంమీద గౌరవం ఉంది. చెమటోడ్చి పండించిన గింజను పారేయడానికి ఏ రైతుకూ చేతులు రావు. కాని ఆ గింజలు కోళ్లకు, బర్రెకు వేయవచ్చునా? ఈ ప్రశ్నకు జవాబు తెలియాలంటే ముందు బూజు సంగతి తెలుసుకోవాలి.

బూజు అంటే ఏమిటి?

వానకాలంలో తోలు చెప్పులమీద, నిలవ ఉన్న రొట్టెమీద, మూత సరిగా పెట్టని పచ్చడి జాడీలో బూజు పట్టడం మీరు చూసే ఉంటారు. బూజు దుమ్ము కాదు. అదొక జీవి. పుట్టగొడుగులు, ఈస్టు, బూజులు అన్నీ ఒకే కుటుంబానికి చెందినవి. వీటిని శిలీంధ్రాలు అంటారు. మొక్కలకున్నట్లు వీటికి పత్రహరితం లేదు. కాబట్టి ఎండనుంచి ఆహారం తయారుచేసుకోలేవు. తాము పెరిగే వస్తువునే జీర్ణం చేసుకుని బతుకుతాయి. సన్నని దారపు పోగుల వంటి తంతువులు అల్లుకుంటూ పోతాయి. తగిన సమయం రాగానే లక్షల కొద్దీ సిద్ధబీజాలను గాలిలోకి వదులుతాయి. మనం చూసే ఆకుపచ్చ, నలుపు, పసుపు రంగుల పొడి ఆ సిద్ధబీజాలే.

బూజులన్నీ చెడ్డవి కావు. రాలిన ఆకులను, చొప్పను మట్టిలో కలిపేవి శిలీంధ్రాలే. పెన్సిలిన్ మందు మొదట దొరికింది ఒక బూజులోనే. అయితే కొన్ని బూజులు గింజమీద పెరుగుతూ విషాలను తయారుచేస్తాయి. ఆ విషాలను శిలీంధ్ర విషాలు అంటారు. అందులో మిక్కిలి పేరుమోసినది ఆఫ్లాటాక్సిన్.

లక్ష టర్కీకోళ్ల మరణం

1960లో ఇంగ్లండులో ఒక వింత జరిగింది. కొద్ది నెలలలోనే లక్షకు పైగా టర్కీకోళ్లు చచ్చిపోయాయి. కారణం ఎవరికీ అంతుపట్టలేదు. అందుచేత దానికి "టర్కీ ఎక్స్ జబ్బు" అని పేరు పెట్టారు. లెక్కల్లో తెలియని సంఖ్యను ఎక్స్ అంటాం కదా, అలాగన్నమాట! కోడినుంచి కోడికి అంటుకునే జబ్బేమోనని మొదట వెతికారు. అది కాదని తేలింది. ఆ కోళ్లు తిన్న మేత వైపు చూపు మళ్లింది. మేతలో బ్రెజిలు దేశంనుంచి వచ్చిన వేరుశనగ పిండి ఉంది. ఆ పిండిలో ఒక బూజు జాడ కనబడింది. దాని పేరు ఆస్పర్జిల్లస్ ఫ్లావస్.

ఆస్పర్జిల్లస్ అనే పేరు పెట్టినవాడు మికెలి అనే ఇటలీ శాస్త్రజ్ఞుడు, 1729లో. ఆయన క్రైస్తవ పూజారి కూడా. సూక్ష్మదర్శినిలో ఈ బూజు తల ఆయనకు చర్చిలో పవిత్రజలం చిలకరించే కుంచెలా కనిపించింది. లాటిను భాషలో ఆ కుంచె పేరునుంచి వచ్చిందే ఈ పేరు. ఫ్లావస్ అంటే పసుపు రంగు. ఆస్పర్జిల్లస్‌లోని మొదటి అక్షరం, ఫ్లావస్‌లోని మొదటి అక్షరం తీసుకుని, విషం అనే అర్థంగల టాక్సిన్ అనే మాట చేర్చితే ఆఫ్లాటాక్సిన్ అయింది. ఇందులో రకాలున్నాయి. అతినీలలోహిత కాంతి పడినప్పుడు నీలిగా మెరిసేవాటికి బి అని, పచ్చగా మెరిసేవాటికి జి అని గుర్తు పెట్టారు. వీటన్నింటిలో బి1 అన్నిటికన్నా ప్రమాదకరం. ఇది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. కొద్దికొద్దిగా ఏళ్ల తరబడి ఒంట్లోకి పోతే కాలేయానికి కాన్సర్ కలిగించగలదని రుజువైంది.

మన దేశంలో ఏం జరిగింది?

ఇది కోళ్ల కథే అయితే మనం ఇంతగా చెప్పుకోవలసిన పని లేదు. 1974లో రాజస్థాన్‌లోని బన్‌స్వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల పల్లెల్లో జనం కామెర్లతో, పొట్ట ఉబ్బి మంచం పట్టారు. ఆ ఇళ్లలోని కుక్కలకు కూడా అదే జబ్బు వచ్చింది. నాలుగు వందలమంది దాకా జబ్బుపడ్డారు. వారిలో నూరుమందికి పైగా చనిపోయారు. వారంతా మొక్కజొన్న ముఖ్య ఆహారంగా బతికే పేద గిరిజనులు. ఆ సంవత్సరం కోతల వేళ అకాల వర్షాలు పడి కంకులు తడిశాయి. వేరే గింజ కొనుక్కునే స్తోమతు లేక బూజు పట్టిన గింజనే తిన్నారు.

ఈ జబ్బు గుట్టు విప్పినవారు మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు. ఆ ఇళ్లలోని మొక్కజొన్నలను పరీక్షిస్తే కిలోకు 6 నుంచి 15 మిల్లీగ్రాముల దాకా ఆఫ్లాటాక్సిన్ కనిపించింది.

మరొక ఉదంతం మనకు ఇంకా దగ్గరిది. 1995లో కోతల సమయాన వానలు పడి దక్కను పీఠభూమిలో జొన్నలు, మొక్కజొన్నలు తడిసి బూజుపట్టాయి. ఆ గింజలతో చేసిన రొట్టె తిన్న అరగంట, గంటలోపలే కొన్ని పల్లెల్లో జనానికి కడుపునొప్పి, పొట్టలో గుడగుడ, విరేచనాలు మొదలయ్యాయి. జాతీయ పోషకాహార సంస్థవారు 50 గ్రామాలు తిరిగి చూస్తే 27 గ్రామాలలో ఈ బాధ కనిపించింది. అదృష్టవశాత్తు ఎవరూ చనిపోలేదు. ఆ గింజలు తినడం మానగానే బాధ తగ్గింది. ఆ ఇళ్లనుంచి తెచ్చిన గింజలను ఒకరోజు వయసు కోడిపిల్లలకు పెడితే వాటికీ విరేచనాలు పట్టుకున్నాయి. ఈసారి నేరస్థుడు ఆఫ్లాటాక్సిన్ కాదు. ఫ్యుజేరియం అనే మరొక బూజు తయారుచేసే ఫ్యుమోనిసిన్ అనే విషం. దీనిని దక్షిణాఫ్రికా శాస్త్రజ్ఞులు 1988లోనే కనిపెట్టారు. అవ్వ చాటలోని గులాబి రంగు గింజలు గుర్తున్నాయి కదా? జొన్నమీద ఆ రంగు తెచ్చేది ఎక్కువగా ఫ్యుజేరియమే. నల్లరంగు తెచ్చేవి కర్వులేరియా వంటి వేరే బూజులు.

ఎంత విషం ఎక్కువ?

మన దేశపు ఆహార నిబంధనల ప్రకారం కిలో ధాన్యంలో ఆఫ్లాటాక్సిన్ 15 మైక్రోగ్రాములకు మించరాదు. మైక్రోగ్రామంటే గ్రాములో పదిలక్షవ వంతు. అంటే వందకోట్ల పాళ్లలో 15 పాళ్లు. ఇది ఎంత కొంచెమో ఊహకు అందడం లేదా? ఒక లెక్క చేద్దాం. వెయ్యి జొన్నగింజలు సుమారు 30 గ్రాములు తూగుతాయి. అయితే వందకోట్ల గింజల బరువెంత? 30,000 కిలోలు. నూరు కిలోల బస్తాలైతే 300 బస్తాలు! ఆ 300 బస్తాలలో 15 గింజలు ఎంతో, కిలో ధాన్యంలో ఆ విషం అంత. అంతకు మించితే ఆ సరుకు తిండికి పనికిరాదు. 1974లో ఆ గిరిజనులు తిన్న మొక్కజొన్నలో ఈ హద్దుకు 400 నుంచి 1000 రెట్ల విషం ఉన్నదన్నమాట.

ఇంత కొంచెం విషాన్ని కంటితో, నాలుకతో కనిపెట్టలేం. గింజ బాగానే కనిపిస్తున్నా లోపల విషం ఉండవచ్చు. అందుకే పరీక్ష అవసరం. పటాన్‌చెరులో 1972లో స్థాపించిన ఇక్రిశాట్ సంస్థ శాస్త్రజ్ఞులు ఎలీసా పద్ధతిలో తక్కువ ఖర్చుతో ఆఫ్లాటాక్సిన్‌ను కొలిచే పరీక్షను తయారుచేశారు.

మరొక సంగతి. వండితే విషం పోతుందని అనుకోకండి. బూజు చస్తుంది గాని అది వదిలిన విషం రొట్టె కాల్చే వేడికి, అన్నం ఉడికే వేడికి చాలావరకు చెక్కు చెదరదు. దొంగ పారిపోయినా వాడు పెట్టిన నిప్పు మండుతూనే ఉంటుంది కదా! పశువుకు పెడితే ఇంకో చిక్కు. బర్రె తిన్న ఆఫ్లాటాక్సిన్‌లో కొంత రూపం మార్చుకుని పాలలోకి వస్తుంది. ఆ పాలు తాగేది ఎవరు? అవ్వ మనుమడే!

పాలమూరు నేలమీద

2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లానుంచి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు ఏర్పడ్డాయి. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డ, జూరాల కాలువల కింది పొలాలు, బావుల కింది ఎర్ర చెలకలు, నాగర్‌కర్నూల్ వైపు వర్షాధారపు దుబ్బ నేలలు, ఇదీ ఇక్కడి వ్యవసాయం. వానకాలంలో జొన్న, మొక్కజొన్న. యాసంగిలో బావులు, కాలువల కింద వేరుశనగ. వేరుశనగ ధాన్యం కాదు, నూనెగింజ. అయినా ఆస్పర్జిల్లస్‌కు అది మహా ఇష్టం కాబట్టి దానినీ కలుపుకునే మాట్లాడుకోవాలి.

ఒక్కొక్క పంటను బూజు ఒక్కొక్క దారిన పట్టుకుంటుంది.

జొన్నకు బూజు గాలిలో వస్తుంది. కంకి పూత దశనుంచి గింజ గట్టిపడే దాకా వాన, మంచు, మబ్బు ఉంటే సిద్ధబీజాలు గింజమీద మొలకెత్తుతాయి. మన పెద్దలు వేసుకున్న పొడుగు జొన్నలు వానలు వెనకబట్టిన తర్వాత పంటకొచ్చేవి. అందుచేత బూజు బాధ తక్కువ. 1964లో సి.ఎస్.హెచ్.-1 అనే మొదటి సంకర జొన్న విడుదలైంది. తర్వాత ఇలాంటి తక్కువకాలపు రకాలు వ్యాపించాయి. దిగుబడి పెరిగింది గాని, వానలు పోకముందే గింజ పాలుపోసుకోవడంతో బూజు కూడా పెరిగింది.

మొక్కజొన్నకు బూజు కంకి పీచు గుండా, పురుగులు చేసిన రంధ్రాల గుండా లోపలికి పోతుంది.

వేరుశనగకు బూజు మట్టిలోనే కాచుకుని ఉంటుంది. ఇక్కడొక విచిత్రం చూడండి. బూజుకు తడి కావాలి కదా? కాని వేరుశనగలో ఆఫ్లాటాక్సిన్ ఎక్కువయ్యేది చివరి నెలరోజులు నీరు చాలక చేను బెట్టకు వచ్చినప్పుడు! ఎందుచేత? పచ్చిగా, నిండుగా ఉన్న గింజ తనను తాను కాపాడుకునే పదార్థాలను తయారుచేసుకోగలదు. బెట్టకు గింజలో నీరు తగ్గితే ఆ శక్తి పోతుంది. నేల కూడా వేడెక్కుతుంది. ఆ వేడి, ఆ కొద్దిపాటి తేమ ఆస్పర్జిల్లస్‌కు సరిగ్గా సరిపోతాయి. చెదలు, వేరుపురుగులు కాయకు కన్నం పెడితే తలుపు తెరిచినట్లే. ఫిబ్రవరి నెలలో బావి అడుగంటిన రైతు చేను ఇందుకే ప్రమాదంలో పడుతుంది.

మంచి బూజు రంగంలోకి దిగుతుంది

విషపు బూజును చంపడానికి రసాయన మందులున్నాయి. కాని మట్టినంతా మందుతో తడపడం సాధ్యమా? ఖర్చు భరించగలమా? ఆ మందు మంచి సూక్ష్మజీవులను కూడా చంపదా? అందుకని శాస్త్రజ్ఞులు వేరొక దారి వెతికారు. బూజులకు శత్రువులు ఎవరు? మట్టిలోనే వెతికితే జవాబు దొరికింది. మరొక బూజు!

దాని పేరు ట్రైకోడెర్మా. 1932లో అమెరికాలో వెయిండ్లింగ్ అనే శాస్త్రజ్ఞుడు ఈ శిలీంధ్రం ఇతర శిలీంధ్రాలమీద పడి బతుకుతుందని చూపించాడు. ఇది తన శత్రువును మూడు విధాల దెబ్బతీస్తుంది.

మొదటిది పోటీ. ట్రైకోడెర్మా చాలా త్వరగా పెరుగుతుంది. మట్టిలో ఉన్న ఆహారాన్ని, చోటును ముందుగా తానే ఆక్రమిస్తుంది. బస్సులో రుమాలు వేసి సీటు పట్టుకున్నట్లు!

రెండవది దాడి. శత్రువు తంతువు తగలగానే దానిచుట్టూ తీగలాగా చుట్టుకుంటుంది. శిలీంధ్రాల కణం గోడలో ఖైటిన్ అనే గట్టి పదార్థం ఉంటుంది. రొయ్యల పెంకులో ఉండేదీ అదే. ట్రైకోడెర్మా ఆ ఖైటిన్‌ను కరిగించే ఎంజైములను విడుదలచేసి, గోడకు కన్నం వేసి, లోపలి సారాన్ని పీల్చుకుంటుంది.

మూడవది మందు. ఇతర బూజులు పెరగకుండా ఆపే కొన్ని పదార్థాలను ఇది తన చుట్టూ వదులుతుంది.

ఇవి చాలక, వేళ్ల దగ్గర పెరుగుతూ మొక్కకు కూడా రోగాలను ఎదిరించే శక్తిని కొంత పెంచుతుంది. పటాన్‌చెరు ఇక్రిశాట్ పొలాలలో ట్రైకోడెర్మాను, కొన్ని మేలుచేసే బాక్టీరియాను వేరుశనగకు వాడి చూశారు. మట్టిలో ఆస్పర్జిల్లస్ ఫ్లావస్ సంఖ్య తగ్గింది. గింజలకు అది సోకడం కూడా తగ్గింది. 2006లో ఈ ప్రయోగాల ఫలితాలు ప్రకటించారు.

ఒక సంగతి గమనించారా? ట్రైకోడెర్మా కూడా ఆకుపచ్చగానే ఉంటుంది! రంగు చూసి బూజు మంచిదో చెడ్డదో చెప్పలేమన్నమాట.

విషం మరచిన తమ్ముడు

రెండవ ఉపాయం ఇంకా చిత్రమైనది. ఆస్పర్జిల్లస్ ఫ్లావస్ అంతా విషం తయారుచేయదు. ఒకే జాతిలో కొన్ని వంశాలకు విషం చేసే విద్య రాదు. అమెరికాలో ఆరిజోనా పత్తి పొలాలలో పీటర్ కాటీ అనే శాస్త్రజ్ఞుడు ఇలాంటి ఒక వంశాన్ని పట్టుకున్నాడు. దాని పేరు ఎ.ఎఫ్.36. విషం తయారీకి అవసరమైన ఒక జన్యువులో దానికి ఒకే ఒక్క "అక్షరం" మారింది. ఒక్క అక్షరం తప్పితే వాక్యం అర్థం మారినట్లు, ఆ ఒక్క మార్పుతో విషం తయారీ ఆగిపోయింది.

ఈ తమ్ముడిని పొలంలో ముందుగా చల్లితే? విషపు అన్న వచ్చేసరికి చోటంతా తమ్ముడే నిండి ఉంటాడు. ఇద్దరి తిండీ ఒకటే, ఇల్లూ ఒకటే. ముందు వచ్చినవాడిదే ఇల్లు! 2003లో అమెరికాలో పత్తి చేలకు ఎ.ఎఫ్.36 వాడటానికి అనుమతి లభించింది.

2004లో కెన్యా దేశంలో విషపు మొక్కజొన్న తిని 125 మంది చనిపోయారు. ఆఫ్రికాకు ఈ ఉపాయం ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. నైజీరియాలోని ఇబాదాన్ నగరంలో ఉన్న అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ సంస్థ ఆ పనికి పూనుకుంది. దాన్ని నడిపించినవారు ఎవరో తెలుసా? రణజిత్ బంద్యోపాధ్యాయ్ అనే మన భారతీయ శాస్త్రజ్ఞుడు. అంతకుముందు ఆయన మన పటాన్‌చెరులోనే ఏళ్ల తరబడి జొన్నబూజుమీద పరిశోధన చేసినవారు! నైజీరియా మట్టిలోనే దొరికిన నాలుగు విషంలేని వంశాలను కలిపి "ఆఫ్లాసేఫ్" అనే మందు తయారుచేశారు. 2014లో అక్కడి ప్రభుత్వం దానికి అనుమతినిచ్చింది.

ఆ మందును దేనిమీద పట్టించి చల్లుతారో ఊహించండి. జొన్నగింజలమీద! మొలకెత్తకుండా జొన్నలను వేయించి, వాటికి సిద్ధబీజాలు పూసి, పైరు పూతకు రావడానికి రెండు మూడు వారాల ముందు హెక్టారుకు 10 కిలోలు చల్లుతారు. తడి తగలగానే తమ్ముడు ఆ జొన్నను తిని బలం పుంజుకుని, పొలమంతా సిద్ధబీజాలు వెదజల్లుతాడు. ఈ మందు వాడిన చేలలో చాలాచోట్ల విషం 80 శాతానికి పైగా తగ్గింది. అయితే ఒక నియమం ఉంది. ఏ దేశపు పొలంలో చల్లే వంశాన్ని ఆ దేశపు మట్టిలోనే వెతికి పట్టుకోవాలి. ఒకచోటి బూజును మరొకచోటికి తెచ్చి చల్లరాదు. పరాయి జీవిని తెచ్చి వదిలితే ఏమవుతుందో మన చెరువుల్లోని గుర్రపుడెక్కే చెబుతుంది.

మన రైతు ఎలా వాడాలి?

మన దగ్గర అంగళ్లలో, వ్యవసాయ సంస్థలలో దొరికేది ట్రైకోడెర్మా విరిడి. తెల్లని పొడిలో కలిపి అమ్ముతారు. గ్రాము పొడిలో కనీసం 20 లక్షల సజీవ బీజాలుండాలని నియమం. రెండు కిలోల పొట్లంలో ఎన్ని ఉంటాయో లెక్కకట్టండి. 400 కోట్లు!

విత్తనశుద్ధి: పైరునుబట్టి కిలో విత్తనానికి 4 నుంచి 10 గ్రాముల పొడి పట్టించి, నీడలో ఆరబెట్టి విత్తుతారు. పొట్లంమీద రాసిన లెక్క చూసుకోవాలి.

నేలకు వేయడం: 90 కిలోల బాగా చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి చెట్టునీడలో కుప్ప పోస్తారు. నీళ్లు చిలకరించి తడి గోనెసంచులు కప్పుతారు. పది పదిహేను రోజుల్లో బూజు కుప్పంతా అల్లుకుంటుంది. దీనిని ఆఖరి దుక్కిలో, నేలలో పదును ఉన్నప్పుడు ఎకరానికి చల్లి కలియదున్నుతారు.

ఇది ప్రాణమున్న మందు. మరచిపోకూడదు. ఎండలో పెడితే చస్తుంది. గడువు దాటితే పనిచేయదు. శిలీంధ్రాలను చంపే రసాయన మందుతో కలిపితే ఇదీ శిలీంధ్రమే కాబట్టి చచ్చిపోతుంది! ఎండిన నేలలో చల్లినా ప్రయోజనం లేదు. నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం వంటి చోట్ల రైతులు దీనిగురించి అడిగి తెలుసుకోవచ్చు.

మంచి బూజు చేయలేనివి

ట్రైకోడెర్మా వేశాం కదా అని నిశ్చింతగా కూర్చోవచ్చునా? కూర్చోరాదు. అది మట్టిలోని శత్రువుతో పోరాడుతుంది గాని గాలిలో వచ్చి జొన్నకంకిమీద వాలే బూజును ఆపలేదు. ఒకసారి గింజలో చేరిన విషాన్ని తీసివేయలేదు. కాబట్టి మనిషి చేయవలసిన పని మనిషే చేయాలి.

జొన్న పక్వానికి రాగానే ఆలస్యం చేయక కోయాలి. బూజును తట్టుకునే రకాలు ఎంచుకోవాలి. వేరుశనగకు చివరి రోజులలో ఒక తడి అందేటట్లు ముందే నీళ్లు దాచుకోవాలి. కాయ పీకిన తర్వాత చెట్లను కుప్పగా పడవేయక, కాయలు పైకి వచ్చేటట్లు తిరగవేసి ఎండబెట్టాలి. చితికిన, ముడుచుకున్న, రంగు మారిన కాయలను వేరుచేయాలి. వేరుశనగ గింజలో తేమ 8 శాతానికి, మొక్కజొన్నలో 12 శాతానికి దిగాక నిలవచేస్తే బూజు లేవదు.

తేమ కొలిచే యంత్రం లేదా? మన పెద్దల యంత్రం ఉంది! ఎండిన వేరుశనగ కాయను చెవి దగ్గర ఊపితే గలగలమంటుంది. ఎండిన జొన్నను పంటికింద వేస్తే టక్కున విరుగుతుంది; పచ్చిదైతే నలుగుతుంది. బస్తాలను నేలమీద కాక చెక్కలమీద, గోడకు దూరంగా పేర్చాలి. ఇంటి కప్పు కారే చోట పెట్టరాదు.

మళ్లీ అవ్వ దగ్గరికి

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు మీరే చెప్పగలరు. ఆ ఖరాబు గింజలు కోళ్లకు వేస్తే? కోడిపిల్లలు ఆఫ్లాటాక్సిన్‌కు త్వరగా లొంగిపోతాయి. 1960లో ఇంగ్లండులో చచ్చింది కోళ్లే కదా! బర్రెకు పెడితే? విషం చుట్టు తిరిగి పాలచెంబులోకి వస్తుంది. మరి ఏం చేయాలి? పెంటదిబ్బలో లోతుగా పూడ్చిపెట్టాలి. ఏరేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. తర్వాత చేతులు కడుక్కోవాలి.

అవ్వ పాపం అన్నది తప్పు కాదు. గింజ పారేయడం బాధే. కాని ఆ పాపాన్ని ముందే తప్పించుకునే దారులున్నాయి. మట్టిలో మంచి బూజును పెంచడం, వేళకు కోయడం, బాగా ఎండబెట్టడం. మనుమడు ఈ మాటలు అవ్వకు నెమ్మదిగా చెప్పాలి. ఆమె ఏరి పక్కన పెట్టిందే, ఆ పని నూటికి నూరుపాళ్లు సరైనదని కూడా చెప్పాలి. చాట పట్టిన ఆ వేళ్లు ఎంతో విషాన్ని ఇంట్లోకి రాకుండా ఆపాయి. మిగిలింది ఒక్కటే: ఆ కుప్ప పోవలసిన చోటు మార్చడం.

చేసి చూడండి

మూతలు గట్టిగా పట్టే రెండు చిన్న గాజుసీసాలు తీసుకోండి. మొదటిదానిలో బాగా ఎండిన జొన్నలు పది వేయండి. రెండవదానిలో ఒక రాత్రి నానిన జొన్నలు పది వేయండి. మూతలు బిగించి, వాటిమీద అంటుకాగితం వేసి, నీడలో పెట్టండి. రోజూ చూసి రంగులు, తేదీలు పుస్తకంలో రాసుకోండి. వారంలో ఏ సీసాలో ఏం కనిపించింది? హెచ్చరిక: మూతలు ఎట్టి పరిస్థితుల్లోనూ తీయవద్దు, వాసన చూడవద్దు. పని పూర్తయ్యాక సీసాలను తెరవకుండానే పెద్దలచేత పూడ్చిపెట్టించండి.

ఆలోచించి జవాబు రాయండి

1. బూజు తడి ఉంటేనే పెరుగుతుంది కదా, వేరుశనగలో ఆఫ్లాటాక్సిన్ బెట్ట సంవత్సరంలో ఎందుకు ఎక్కువ?

2. ట్రైకోడెర్మాను రసాయన శిలీంధ్రనాశినితో కలిపి ఎందుకు వాడరాదు?

3. విషంలేని ఆస్పర్జిల్లస్‌ను పైరు పూతకు ముందే ఎందుకు చల్లుతారు? కోతకు ముందు చల్లితే ఏమవుతుంది?

4. మీ ఇంట్లో ధాన్యం ఎక్కడ, ఎలా నిలవచేస్తున్నారు? అందులో మార్చవలసినదేమైనా ఉందా? ఇంట్లో పెద్దలను అడిగి అయిదు వాక్యాలు రాయండి.